కార్తీకంలో సైకిల్ డెలివరీ వాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

అన్నలూ, అక్కలూ, నేను అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు సైకిల్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాను. కోచింగ్ పిల్లల హాస్టళ్లే మాకు ఆధారం. సంక్రాంతికి వాళ్లంతా ఊళ్లకు పోతే వీధులు ఖాళీ అయిపోతాయి, అది కొద్ది రోజులే కాబట్టి తట్టుకోవచ్చు. కార్తీకం అలా కాదు. జనం ఇక్కడే ఉంటారు, కానీ చాలా ఇళ్లలో నీసు ముట్టరు, పైగా అయ్యప్ప మాలలు. బిర్యానీ ఆర్డర్లు పడిపోతే మాకు మిగిలేది ఏముంటుంది చెప్పండి?

బైక్ వాళ్లయితే మాదాపూర్, గచ్చిబౌలి పోయి చూసుకుంటారు. నాకు దగ్గరి ఆర్డర్లే వస్తాయి. బంజారాహిల్స్ ఎత్తులు ఎక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయి. పెట్రోల్ ఖర్చు లేదన్న ధైర్యంతోనే ఈ పనిలో ఉన్నాను, పని కూడా నాకు ఇష్టమే. అందుకే వదలాలని లేదు.

బ్యాటరీ సైకిల్ ఆలోచిస్తున్నాను. మోటార్ 250 వాట్ల లోపు ఉండి, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకపోతే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు కదా. రోజంతా తిరిగేవాళ్లకు ఛార్జింగ్ ఆగుతోందా? అద్దెకు తీసుకోవడం మేలా, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవాలా? వాడినవాళ్లే చెప్పండి, షాపు వాళ్ల మాట మీద నమ్మకం లేదు.

ఇంకొకటి. పొద్దున టిఫిన్ల టైమ్‌లో లాగిన్ అయితే కార్తీకంలో గిట్టుబాటు అవుతుందా? ఇడ్లీ, దోసెలకు మాసంతో పని లేదు కాబట్టి అడుగుతున్నాను. రంజాన్‌లో హలీమ్ కోసం సాయంత్రాలు మెహదీపట్నం, టోలీచౌకి వైపు పోయేవాళ్లుంటే, ఆ ట్రాఫిక్‌లో సైకిల్‌తో కుదురుతుందో లేదో కూడా చెప్పండి. ఇంటి అద్దె టెన్షన్ ఉంది, తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.