నెల్లూరు కార్డులు, చెన్నైలో కాపురం: బాబు పెన్షన్ ఎటు పెట్టుకోవాలి?

నమస్కారమండీ. మాది నెల్లూరు జిల్లా, మా ఆయన పని కోసం చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. బాబుకి తొమ్మిదేళ్లు, మేధో వైకల్యం. సదరం (ఆంధ్ర వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో 65 శాతం వేశారు, యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) కూడా ఉంది. బియ్యం కార్డు, ఆధార్ అన్నీ నెల్లూరువే.

ఆంధ్రలో వాడికి నెలకు 6,000 పెన్షన్ వస్తోంది. 2024లో 3,000 నుంచి పెంచారు, అది మాకు పెద్ద ఆసరా. కానీ ఒకటో తారీఖుకి బాబుని ఊరికి తీసుకెళ్లాలి. రైల్లో జనం, గోల చూస్తే వాడు తట్టుకోలేడు, స్కూలూ పోతుంది. ఇక్కడి స్పెషల్ స్కూల్ వాళ్లేమో ఆధార్ చిరునామా మార్చి తమిళనాడు భత్యానికి పెట్టుకోమంటున్నారు. అది నెలకు 2,000. మా అత్తమ్మ అయితే ససేమిరా అంటోంది!

రెండు చోట్లా తీసుకోవాలన్న ఆశ మాకు లేదు. బాబు ఒక్కడి ఆధార్ మారిస్తే ఆంధ్ర పెన్షన్ ఆగిపోతుందా? యూడీఐడీ దేశమంతా చెల్లుతుంది కదా, అయినా ఇక్కడ మళ్లీ డాక్టర్ల దగ్గరికి పంపుతారా?

ఇంకొకటి. మా బాబులాంటి వాళ్ల కోసం ఉన్న కేంద్రం వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష వరకు, థెరపీతో సహా ఇస్తారు, అది ఏ రాష్ట్రం వాళ్లకైనా ఉంది. చెన్నై నుంచి థెరపీ బిల్లులు పెట్టి డబ్బు తెచ్చుకున్నవాళ్లుంటే, ఏయే కాగితాలు అడిగారో చెప్పండి. తమిళం చదవడం రాదు, తెలుగులో రాస్తే మేలు.