మిరపపై మందుల అవశేషాలు: పరిమితి చాలునా, నిషేధమే దారా?

బ్రాడీపేట:
హార్మోన్ల పనిని చెడగొడుతుందని తేలిన పురుగుమందును పూర్తిగా ఆపివేయాలా, పంటలో మిగిలే అవశేషాలు ప్రభుత్వం అనుమతించిన పరిమితికి లోబడి ఉంటే చాలునా అన్నది నా ప్రశ్న. ఆపివేయాలన్నదే నా పక్షం. మన గుంటూరు మిరపలో ఆకు రసం పీల్చి ముడత తెచ్చే తెల్లనల్లి కనిపిస్తే ఏళ్ల తరబడి కొట్టిన డైకోఫాల్‌ను డీడీటీ అనే పాత పురుగుమందు నుంచే తయారుచేసేవారు. 1980లో ఫ్లోరిడాలోని ఒక రసాయన కర్మాగారం నుంచి ఆ మందే అపోప్కా సరస్సులోకి చేరింది. తరువాత జీవశాస్త్రవేత్త లూయీ గిలెట్ బృందం పరిశీలించగా, అక్కడి మగ ఎలిగేటర్ (ఒక రకం మొసలి) పిల్లల్లో పురుష హార్మోనైన టెస్టోస్టిరాన్ బాగా తక్కువగా, జననాంగాలు చిన్నవిగా ఉన్నాయి. మన దేశం డైకోఫాల్‌ను నిషేధించింది 2023లో!

పెదనందిపాడు రైతు:
బ్రాడీపేట గారూ, సరస్సులో ఒక్కసారిగా కలిసిన మందునూ, కొలిచి నీళ్లలో కలిపి పిచికారీ చేసి, కోతకు ముందు గడువు పాటించి, కల్లంలో ఎండబెట్టిన కాయలో మిగిలే అవశేషాన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఆ సరస్సులోకి చుట్టుపక్కల పొలాల నుంచి ఇతర మందులూ చేరేవి. పైగా ఒక మందును తీసేసినంత మాత్రాన ముడత ఆగదు. కౌలు రైతు అంతకంటే ఖరీదైన మందును అప్పు మీద తెస్తాడు. ఆ కొత్త మందు గుణం ఎవరు తేల్చారు?

కృష్ణలంక, జీవశాస్త్ర అధ్యాపకురాలు:
సరస్సు విషయంలో రైతు గారి అభ్యంతరం సబబైనదే. అయితే ‘కొంచెమే కదా’ అన్న మాట హార్మోన్ల దగ్గర అంత తేలికగా చెల్లదు. అవి రక్తంలో నానోగ్రాముల్లో (గ్రాములో వంద కోట్లవ వంతు), కొన్ని అంతకన్నా చిన్నవైన పికోగ్రాముల్లోనే ఉండి పనిచేస్తాయి. డీడీటీ శరీరంలో మారగా ఏర్పడే డీడీఈ కణాల్లో పురుష హార్మోనును అందుకునే గ్రాహకానికి అతుక్కుని అసలు హార్మోనును అడ్డుకుంటుంది. ఆ రసాయనం ఏ దశలో శరీరానికి తగిలిందన్నది మరీ ముఖ్యం. గర్భస్రావం కాకుండా గర్భిణులకు ఇచ్చిన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ స్త్రీ హార్మోను వల్ల, అప్పుడు కడుపులో ఉన్న కూతుళ్లకు యౌవనంలో అరుదైన యోని క్యాన్సర్ వచ్చిందని 1971లో బయటపడింది. అది ఔషధ మోతాదు, మిరపకాయలోని అవశేషంతో పోల్చలేము. కాని హాని కనబడేసరికి ఒక తరం గడిచింది. తక్కువ మోతాదుల లెక్కపై నిపుణులకే ఏకాభిప్రాయం లేదు: 2023లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ రోజువారీ పరిమితిని 20,000 రెట్లు తగ్గిస్తే, జర్మనీ ప్రభుత్వ సంస్థ దానిని అంగీకరించలేదు.

మీరిద్దరూ కాయ తినేవారి గురించే వాదిస్తున్నారు. అవశేషాల పరిమితి కట్టేదీ వారి కోసమే. తొడుగులు లేకుండా మందు కలిపే కూలీ, కొట్టిన చేలో కాయలు కోసే గర్భిణి ఆ లెక్కలోకి రారు. అసలు మోతాదు పడేది వారి మీదే.

పెదనందిపాడు రైతు:
అమ్మా, కోత కూలీల మాట కాదనలేను. మందు కొట్టాక ఎన్నాళ్లకు చేలో దిగవచ్చో దుకాణంలోనే చెప్పి అమ్మాలి, గర్భిణులను ఆ పనికి పిలవకూడదు. నల్లికి మరో ఉపాయం చూపకుండా పెట్టే నిషేధానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.