ఇంటి పనిలో మనమే చెయ్యి వేస్తే నిజంగా డబ్బు మిగులుతుందా?

జగిత్యాల_తమ్ముడు:
మా ఊళ్లో 1,000 చదరపు అడుగుల్లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు మొదలుపెడుతున్నాం. మెటీరియల్‌తో కలిపి అయితే చదరపు అడుగుకు 1,900 అంటున్నాడు కాంట్రాక్టరు. అంటే 19 లక్షలు. మా బావ మాత్రం "సామాను మనమే కొందాం, సుతారి మేస్త్రికి లేబర్ కాంట్రాక్టు ఇద్దాం. మొరం నింపుడు, నీళ్లు కొట్టుడు, రంగులేసుడు ఇంటోళ్లమే చేసుకుందాం, 4 లక్షలు మిగులుతయ్" అంటున్నాడు. నేను మిల్లులో గుమస్తాను, వారానికి ఒక్క రోజే సెలవు. కట్టినవాళ్లు లెక్కతో సహా చెప్పండి.

సూర్యాపేట_2023:
మేం అలాగే కట్టాం. కాంట్రాక్టరు 17 లక్షలు చెప్పాడు, మాకు 14 లక్షల 80 వేలు అయింది. 2 లక్షల 20 వేలు మిగిలాయి. 4 లక్షలంటే మాత్రం నేను నమ్మను.

ఎక్కువ మిగిలింది కొనేచోటే. స్టీలు షాపువాళ్లు ఇచ్చిన తూకం చీటీ చూసి ఊరుకోలేదు. 12 ఎంఎం రాడ్డు 12 మీటర్ల పొడవుంటే సుమారు 10.6 కిలోలు తూగాలి. బండి దిగగానే రాడ్లు లెక్కపెట్టి గుణించాను. ఒక లోడులో చీటీ మీద 90 కిలోలు ఎక్కువ రాసి ఉంది. అడిగితే మారు మాట్లాడకుండా తగ్గించి రాశారు. ఇసుక వచ్చినప్పుడల్లా ట్రాక్టరు తొట్టిని టేపుతో కొలిచాం. తడి ఇసుక ఉబ్బి ఉంటుంది, ఆరితే తగ్గిపోతుంది, అది కూడా చూసుకోవాలి.

బేస్‌మెంట్‌లో మొరం నింపి, తడిపి, దిమ్మిస కొట్టడం నేనూ మా తమ్ముడూ చేశాం. లోపలి రంగులు మేమే వేసుకున్నాం. పుట్టీ పనివాళ్లతోనే పెట్టించాం, అది చెయ్యి తిరిగినవాళ్లు చేస్తేనే గోడ సాఫీగా వస్తుంది. నీళ్లు కొట్టడం మొత్తం ఇంట్లోవాళ్లే.

ఖమ్మం_టీచర్:
తమ్ముడూ, వారానికి ఒక్క సెలవు ఉన్నవాడివి ఈ పని నెత్తిన పెట్టుకోకు. నేను పెట్టుకుని పడ్డాను.

ఆరు నెలల్లో అవ్వాల్సిన ఇల్లు పదకొండు నెలలు పట్టింది. అద్దె 7,500. ఆ అయిదు నెలలకు 37,500 ఊరికే పోయింది. క్లాసులో ఉండగా ఫోను: "సార్, రాడ్లు కట్టే బైండింగ్ వైరు అయిపోయింది." నేను బయటపడి కొనుక్కుని వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. లేబర్ కాంట్రాక్టే కదా, కూలి నష్టం నాది కాదులే అనుకున్నా. ఆ ముఠా మర్నాడు వేరే సైటుకు వెళ్లిపోయింది. మళ్లీ రావడానికి పన్నెండు రోజులు. అప్పటికే కొట్టిన సెంట్రింగ్ సామానుకు, అంటే స్లాబు పోయడానికి కింద నిలబెట్టే రేకులకూ కర్రలకూ, ఆ పన్నెండు రోజులూ అద్దె కట్టాను. రాత్రి నిద్రలో కూడా అదే టెన్షన్. మీ బావ చెప్పే 4 లక్షల్లో ఇవేవీ ఉండవు.

తెనాలి_తాపీ_మేస్త్రి:
నేను 22 ఏళ్లుగా తాపీ పని చేస్తున్నాను. రెండు వైపులా నిజం ఉంది గానీ ఒక మాట మీరెవరూ అనలేదు. ఇంటివాళ్లు మా కూలి దగ్గర బేరమాడి పదివేలు తగ్గిస్తారు, తర్వాత గోడ లేచాక కిటికీ పక్కకు జరపమంటారు. కట్టిన గోడ పగలగొట్టి మళ్లీ కడితే ఆ పదివేలు పోయినట్టే. ప్లాను మీద ముందు నెల రోజులు కూర్చోండి. ముగ్గు పోశాక మార్చకండి. అసలు పొదుపు అక్కడుంది.

సైటులో ఉండి మీరు చూడాల్సింది నీళ్లు. ఎక్కువ నీళ్లు పోస్తే మాలు సులువుగా జారుతుంది, పని త్వరగా అవుతుంది, అందుకే మావాళ్లలో చాలామంది పైపు పెట్టేస్తారు. నేనూ కుర్రతనంలో అదే చేశాను. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు, మహా అయితే 28. బకెట్లు లెక్కపెట్టండి. స్లాబు రోజు కాంక్రీటు పోయకముందే రాడ్లను రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న దిమ్మలు, అదే కవర్ బ్లాకులు, కింద ఉన్నాయో లేదో వంగి చూడండి. ఒకచోట ఇంటాయన కంకర రాయి పెడితే చాలదా అన్నాడు. చాలదు. మనిషి తొక్కితే రాయి పక్కకు జరుగుతుంది, రాడ్డు సెంట్రింగ్ రేకుకు ఆనుకుంటుంది, కొన్నేళ్లకు తుప్పు పట్టి పెచ్చులు రాలతాయి.

మేస్త్రి పని మాత్రం వీడియో చూసి చేయొద్దు. తూకం గుండు వేసి గోడ నిలబెట్టడం నాకు పట్టుబడ్డానికి మూడేళ్లు పట్టింది.

నెల్లూరు_సివిల్:
మేస్త్రి గారు చెప్పినదానికి కలుపుతాను. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ (మామూలు) సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటుకు కనీసం 10 రోజులు క్యూరింగ్, అంటే నీళ్లు కొట్టి తడిగా ఉంచడం. ఎండలు ముదిరితే పీపీసీకి 14 రోజులు చేయండి. కాంట్రాక్టుకు ఇచ్చిన సైట్లలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే, మూడో రోజుకే పైపు చుట్టేస్తారు. ఇంటివాళ్లు చేస్తేనే ఈ పని బాగా జరుగుతుంది.

ఖర్చు తగ్గాలంటే కట్టుబడిలోనూ దారులున్నాయి. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్‌లో ఇటుకను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదులుతారు, దాదాపు పావు వంతు ఇటుకలు తగ్గుతాయి. కానీ ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి, తెలిసిన మేస్త్రి దొరకాలి. దొరక్కపోతే మామూలు గోడే మంచిది. కరెంటు వైరింగు, ఎర్తింగు జోలికి మీరు వెళ్లకండి.

పాలకొల్లు_కోడలు:
సూర్యాపేట అన్నయ్యా, "నీళ్లు కొట్టడం మొత్తం ఇంట్లోవాళ్లే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎవరు ఆ ఇంట్లోవాళ్లు?

మా ఇంటికి నేనూ మా అత్తయ్యగారూ కొట్టాం. తెల్లవారి అయిదింటికి మోటారు వేసి గోడలు తడపడం, స్లాబు మీద మట్టితో మళ్లు కట్టి నీళ్లు నింపడం, సాయంత్రం మళ్లీ అదే. గట్టు తెగితే కూర్చుని పూడ్చడం. మా అత్తయ్యగారి మోకాళ్లు ఆ నాలుగు నెలల్లో పాడయ్యాయి. గృహప్రవేశం రోజు మా మామయ్యగారు "మూడు లక్షలు మిగిల్చాను" అని అందరికీ చెప్పారు. ఆయన మంచివారే. లెక్కలో మేం లేమని ఆయనకు తోచనే లేదు.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో సాయం డబ్బుకు తోడు, సొంత ఇంటి పని చేసుకున్నందుకే 90 రోజుల ఉపాధి కూలి ఇచ్చే ఏర్పాటు పెట్టారు. సొంత ఇంటికి చేసినా పని పనేనని ప్రభుత్వమే లెక్క కట్టింది. మనం ఎందుకు కట్టం?

సూర్యాపేట_2023:
చెల్లెమ్మా, మీ పోస్టు చదివి మా ఆవిడను అడిగాను. ఆమే, మా అమ్మే. దగ్గర దగ్గర 90 రోజులు. మనిషికి రోజుకు 250 వేసినా ఇద్దరికీ 45,000. నేను పెట్టిన జీతం లేని సెలవులు 20, అదింకో 16,000. అంటే మిగిలింది 1 లక్షా 59 వేలు. నేను చెప్పిన 2 లక్షల 20 వేలు తప్పు. దిమ్మిస కొట్టిన తమ్ముడి కూలి ఇంకా ఇందులో వేయలేదు.

ఖమ్మం_టీచర్:
ఆ 1 లక్షా 59 వేలు కూడా మీరు రోజూ సైటులో ఉండగలిగారు కాబట్టే. ఈ తమ్ముడు ఉండలేడు. నా మాట మారదు.

తెనాలి_తాపీ_మేస్త్రి:
టీచరు గారూ, రోజూ ఉండక్కర్లేదు. పునాది కాంక్రీటు, కాలమ్ రాడ్లు కట్టిన రోజు, తలుపులూ కిటికీల పైన వచ్చే లింటెల్, స్లాబు. ఆ రోజులకు సెలవు పెడితే చాలు. మిగతా రోజులకు రెండు రోజుల సామాను ముందే సైటులో ఉంటే మీకు ఫోనే రాదు.

జగిత్యాల_తమ్ముడు:
అందరికీ థ్యాంక్స్. పోస్టులన్నీ అమ్మకు చదివి వినిపించిన. నీళ్లు కొట్టడానికి పక్కింటి పిల్లగానికి నెల జీతం మాట్లాడుతున్నం, అమ్మ చూసుకుంటది, బకెట్ మొయ్యదు. బావ ఒప్పుకోలేదు గానీ అది మా ఇంటి సంగతి. సామాను నేనే కొంటా, మొరం ఇంటోళ్లమే నింపుతం, మిగతాది లేబర్ కాంట్రాక్టు. మేస్త్రి గారు చెప్పిన రోజులకు మిల్లులో ముందే సెలవు రాసిచ్చిన.

ఎల్లుండి ముగ్గు పోస్తున్నం. జగిత్యాల వైపు మొరం ట్రాక్టరుకు ఎంత తీసుకుంటున్నరో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.