బ్రిడ్జిమనైట్‌లో ఇనుము స్థానం ఏది?

రాజమండ్రి అధ్యాపకుడు: భూప్రావారంలో, అంటే భూమి పైపెంకుకూ కేంద్రభాగానికీ నడుమనున్న పొరలో, 660 కిలోమీటర్ల లోతు దాటాక అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ఖనిజం బ్రిడ్జిమనైట్. అందులో విశాలమైన స్థానంలో మెగ్నీషియం, ఆరు ఆక్సిజన్ల నడుమ ఇరుకైన స్థానంలో సిలికాన్ ఉంటాయి. ఇనుము మెగ్నీషియం స్థానంలోనే చేరుతుందని నా వాదన. సిలికాన్ అయాను వ్యాసార్ధం 0.40 ఆంగ్‌స్ట్రాములు, ఫెర్రిక్ ఇనుముది, అంటే మూడు ధనావేశాలున్న ఇనుప అయానుది, 0.645. అంత ఇరుకులో అది ఎలా ఇముడుతుంది?

అమలాపురం విద్యార్థిని: మాస్టారూ, 0.645 అనేది ఎలక్ట్రాన్లు వీలైనంత వరకు జతకూడకుండా ఉండే హై-స్పిన్ స్థితి కొలత. ఒత్తిడికి ఎలక్ట్రాన్లు జతకూడి లో-స్పిన్ స్థితి వస్తే అది 0.55కు తగ్గుతుంది. పైగా ఒక మెగ్నీషియం, ఒక సిలికాన్ పోయి రెండు ఫెర్రిక్ అయాన్లు వస్తే ఆవేశాల మొత్తం ఆరు మారదు. ఇదే రాసినందుకు డిగ్రీ పరీక్షలో నాకు సగం మార్కులు తగ్గించారు.

పంగిడి క్వారీ నుంచి ఒకరు: మా నల్లరాయిని పరీక్షిస్తే తేలదా?

అమలాపురం విద్యార్థిని: తేలదండీ. అది లావా గడ్డకట్టిన బసాల్టు, అందులో బ్రిడ్జిమనైట్ ఉండదు. సహజ బ్రిడ్జిమనైట్‌ను 1879లో ఆస్ట్రేలియాలో పడిన టెన్‌హామ్ ఉల్కలో గుర్తించాకే, 2014లో ఆ ఖనిజానికి పేరు పెట్టారు.

రాజమండ్రి అధ్యాపకుడు: మీ మార్కులు ఇక్కడ సాక్ష్యం కావమ్మా. అసలు ప్రావారంలో అల్యూమినియం ఉంది. చిన్నదైన అల్యూమినియం సిలికాన్ స్థానాన్ని తీసుకుంటే, ఫెర్రిక్ ఇనుము మెగ్నీషియం స్థానానికే వెళుతుంది. అల్యూమినియం లేని నమూనాలతో భూమిని కొలవకండి.

అమలాపురం విద్యార్థిని: ఆ మార్కులు తగ్గించినది మీ వాదనతోనే కనుక చెప్పాను. ఫెర్రిక్ ఇనుము అల్యూమినియాన్ని మించితే మిగిలినది ఎక్కడికి పోవాలి? అసలు మీ మొదటి ప్రశ్నలో ఫెర్రస్ ఇనుము, అంటే రెండు ధనావేశాలున్న అయాను, ఊసే లేదు. లోహపు ఇనుము పక్కనే ఉన్నా అల్యూమినియం గల బ్రిడ్జిమనైట్ ఫెర్రిక్‌ను నిలుపుకుంటుందనీ, మూడు ఫెర్రస్ అయాన్లు రెండు ఫెర్రిక్, ఒక లోహపు ఇనుముగా విడిపోతాయనీ 2004లో ప్రయోగపూర్వకంగా చూపారు.

కాకినాడ పాఠకుడు: ఇద్దరూ ఒకటే చెబుతున్నట్టుంది.

రాజమండ్రి అధ్యాపకుడు: లేదు. ఆమె చెప్పిన రసాయనం నేను కాదనడం లేదు. మొదటి సంవత్సరం పిల్లలకు ఒక్క స్థానం స్థిరంగా చెప్పకపోతే వారు స్ఫటికాన్ని ఊహించుకోలేరన్నదే నా పట్టుదల.

అమలాపురం విద్యార్థిని: అయితే మన తగాదా ఇనుము గురించి కాదు, పాఠం గురించి. గామా కిరణాలతో ఇనుము స్థితిని చూపే మోస్‌బావర్ వర్ణపటంలో, ఫెర్రస్ ఇనుముకు అధిక ఒత్తిడి వద్ద కనిపించే రేఖల పెద్ద విభజనను కొందరు హై-స్పిన్‌కూ లో-స్పిన్‌కూ నడుమనుండే మధ్యస్థ స్పిన్ అన్నారు, మరికొందరు అదే స్థానంలో అయాను కాస్త జరగడమే కారణమన్నారు. ఈ వివాదాన్ని పిల్లలకు దాచాలా?

రాజమండ్రి అధ్యాపకుడు: మొదటి సంవత్సరంలో చెప్పను. ఎమ్మెస్సీలో చెబుతాను.

అమలాపురం విద్యార్థిని: ఎమ్మెస్సీ దాకా రాని పిల్లలే మా కళాశాలలో ఎక్కువ, మాస్టారూ.