పశువుల మీథేన్‌పై పన్ను వేయడం న్యాయమేనా?

వాయులేఖ:
డెన్మార్క్ 2030 నుంచి పశువుల ఉద్గారాలపై పన్ను వసూలు చేయాలని 2024లో నిర్ణయించింది. న్యూజీలాండ్ ఇటువంటి ఆలోచనతోనే కొంతకాలం ముందుకు వెళ్లి, అదే ఏడాది వెనక్కి తగ్గింది. మనుషుల పనుల వల్ల గాలిలో చేరి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువులో దాదాపు మూడో వంతు పశుపోషణదే. 2030 నాటికి మీథేన్‌ను 2020 స్థాయి కంటే 30 శాతం తగ్గిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో పలు దేశాలు చేసిన ప్రతిజ్ఞ, పశువుల జోలికి వెళ్లకుండా నెరవేరుతుందని నేను అనుకోను. పన్ను లేనిదే పద్ధతులు మారవని నా అభిప్రాయం.

పాడికొట్టం:
అయ్యా, ఆవు తిన్న గడ్డిలోని కర్బనం గాలిలోంచి వచ్చిందే. ఆవు వదిలిన మీథేన్ సగటున 12 ఏళ్లు గాలిలో ఉండి, విచ్ఛిన్నమై, బొగ్గుపులుసు వాయువుగా మారి, మళ్లీ గడ్డిలోకే చేరుతుంది. గనిలోంచి తవ్విన బొగ్గు, బావిలోంచి తోడిన చమురు అటువంటివి కావు. మందలో తలల సంఖ్య పెరగనంత కాలం గాలిలో కొత్తగా ఏమి పేరుకుంటుందో చెప్పండి.

తుంపర:
ఆవు వెనుక నుంచి వచ్చే గాలికి పన్ను వేస్తారని ఊహించలేదు.

పశువైద్యం:
తుంపర గారూ, అది వెనుక నుంచి కాదు, ఎక్కువ భాగం నోటి నుంచి త్రేన్పుగా వస్తుంది. నెమరువేసే పశువు మొదటి పొట్టలో సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినప్పుడు హైడ్రోజన్ విడుదలవుతుంది. ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులు దానిని బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్ చేస్తాయి. తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం వరకు ఇలాగే పోతుంది కనుక, ఇది రైతుకూ నష్టమే.

వాయులేఖ:
పాడికొట్టం గారూ, కర్బనం తిరిగి గడ్డిలోకి చేరుతుందన్నది నిజమే, కానీ గాలిలో ఉన్నంత కాలం అది మీథేన్ రూపంలో ఉంటుంది. విడుదలైన తర్వాతి 20 ఏళ్ల లెక్కలో, బరువుకు బరువుగా, బొగ్గుపులుసు వాయువు కంటే 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. మంద పెరగకపోతే నిల్వ పెరగదనడం సరే, ఇప్పటికే ఉన్న నిల్వ ఇచ్చే వేడి మాత్రం కొనసాగుతుంది.

పాడికొట్టం:
80 అన్నారు. నేను చదివిన ప్రతిచోటా 28 అనే ఉంది. భయపెట్టడానికి పెద్ద అంకెను ఎంచుకున్నారా?

వాయులేఖ:
రెండూ సరైనవే. 100 ఏళ్ల లెక్కలో సుమారు 28, 20 ఏళ్ల లెక్కలో సుమారు 80. మీథేన్ త్వరగా పోతుంది కాబట్టి గడువు తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది.

పాడికొట్టం:
పన్ను వేసేటప్పుడు ఏ అంకెతో వేస్తారు? ఆ ఒక్క మాటకు జవాబు ఇవ్వండి. దాదాపు మూడింతల తేడా నా చేతిలో మిగిలే డబ్బులోంచి పోతుంది.

వాయులేఖ:
అంకె దగ్గరే ఆగిపోతున్నారు. అంతర్జాతీయ లెక్కల్లో 100 ఏళ్ల అంకెనే వాడుతున్నారు. అయినా అసలు ప్రశ్న తగ్గించాలా వద్దా అన్నది.

పాడికొట్టం:
తగ్గించబోయి నేను దెబ్బతిన్నాను. మూడేళ్ల కిందట దాణా అమ్మే మనిషి ఒకరు వచ్చి, దాణాలో నూనె కలిపితే మీథేన్ తగ్గుతుందని, పాలు కూడా పెరుగుతాయని నమ్మబలికారు. ఎంత కలపాలంటే చెంబు లెక్క చెప్పారు తప్ప, మా మేతను తూచలేదు. తొమ్మిదో రోజుకు ఆవులు గాడి దగ్గర ముఖం తిప్పుకున్నాయి. మధ్యాహ్నం పడుకుని నెమరువేయవలసిన వేళ ఒక్క దవడా కదలలేదు. పేడ పలచబడి, అందులో అరగని గడ్డిపోచలు కనిపించాయి. పాలలో వెన్న శాతం పడిపోయింది. ఆ నష్టం ఎవరూ పూడ్చలేదు. ఇప్పుడు పైనుంచి పన్ను కూడా నేనే కట్టాలా?

వాయులేఖ:
మీ కొట్టంలో జరిగిన పొరపాటును శాస్త్రానికి అంటగట్టడం సబబు కాదు.

పాడికొట్టం:
పొరపాటా? ఆవు మేత మానేస్తే రాత్రంతా దాని పక్కన కూర్చున్నది నేను. గదిలో కూర్చుని లెక్కలు వేసే మీకు పశువు అంటే పట్టికలో ఒక గడి.

పశువైద్యం:
దయచేసి ఇద్దరూ కాస్త నిదానించండి. నూనె మీథేన్‌ను తగ్గించే మాట నిజమే. అయితే మేత ఎండు బరువులో మొత్తం కొవ్వు 6, 7 శాతం దాటితే పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. పాడికొట్టం గారు చూసిన లక్షణాలన్నీ దానికి సరిపోతాయి. మీథేన్ తయారీలో చివరి ఎంజైమును అడ్డుకునే 3-ఎన్‌ఓపీ అనే మేతలో కలిపే రసాయనం పాడి ఆవుల్లో మీథేన్‌ను సుమారు 30 శాతం తగ్గించింది. అయితే అది మేతతో పాటు రోజంతా అందాలి, కాబట్టి బయట మేసే పశువులకు కుదరడం కష్టం. నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది వేరే దారిపై: పెయ్యలు సకాలంలో ఎదకు రావడం, ఈతకూ ఈతకూ మధ్య వ్యవధి తగ్గడం, వట్టిపోయిన కాలం తగ్గడం. అప్పుడు అవే పాలకు తక్కువ పశువులు చాలు.

వాయులేఖ:
లీటరుకు తగ్గినంత మాత్రాన మొత్తం తగ్గదు. మంద పెరిగితే ఆ మేలు కొట్టుకుపోతుంది. దాచకుండా చెబుతాను: పన్ను వల్ల పశువుల సంఖ్యే తగ్గాలని నా కోరిక. మేతలో కలిపేవన్నీ ఆ నిర్ణయాన్ని వాయిదా వేయడానికే పనికొస్తున్నాయని నా అనుమానం.

పాడికొట్టం:
ఈ మాట మొదటి సందేశంలోనే రాసి ఉంటే ఇంతసేపు 28, 80 అని కొట్టుకునేవాళ్లం కాము. పద్ధతి మార్చుకోమని అడగడం వేరు, వృత్తి మానుకోమని అడగడం వేరు. రెండోదే అడుగుతున్నప్పుడు, ఎవరి పశువులు ముందు పోవాలి, వదులుకున్నవారు దేనితో బతకాలి అన్నది కూడా మీరే చెప్పాలి. చమురు బావుల దగ్గర, గొట్టాల్లో కారిపోయే మీథేన్‌ను ఆపితే అది అమ్ముకోగల గ్యాసు. అక్కడ ముందు బిగించకుండా నా గాడి దగ్గరికి ఎందుకు వస్తున్నారు?

వాయులేఖ:
లీకులు ముందు ఆపాలన్నది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. మీ వృత్తి గురించి ముందే అడగకపోవడం నా తప్పే. అయినా లీకులన్నీ ఆగేదాకా పశువుల మాట ఎత్తవద్దంటే మాత్రం ఒప్పుకోలేను. వసూలైన సొమ్మును పద్ధతి మార్చుకునే రైతులకే తిరిగి ఇవ్వాలని నియమం పెడితే?

పాడికొట్టం:
మార్చుకున్నానని ఎలా తెలుస్తుంది? నా ఆవు త్రేన్పును ఎవరూ తూచరు. పట్టికలోని సగటుతో పన్ను వేస్తే, నేను మేత మార్చినా మార్చకపోయినా కట్టేది ఒకటే అవుతుంది.

పశువైద్యం:
త్రేన్పును తూచే గదులు, పరికరాలు పరిశోధన కేంద్రాల్లో ఉన్నాయి కానీ ప్రతి కొట్టంలో పెట్టలేం. మేత, ఈత, పాల దిగుబడి రాసుకున్న పుస్తకాన్ని ఆధారంగా తీసుకోవచ్చు. మీరు అటువంటిది రాస్తున్నారా?

పాడికొట్టం:
నూనె వ్యవహారం జరిగిన నాటి నుంచి ప్రతి రోజూ రాస్తున్నాను. దానిని ఒప్పుకుంటామని రాతపూర్వకంగా చెప్తే, పన్ను గురించి మళ్లీ మాట్లాడదాం. పశువుల సంఖ్య గురించి మాత్రం నా మాటలో మార్పు లేదు.