గ్యాస్ చాలనప్పుడు ఫ్రేమ్ 6బి గ్యాస్ టర్బైన్‌కు (కరెంటు తీసే మెషీన్) ఏ ద్రవ ఇంధనం నయం?

కోనసీమ_సీసీపీపీ:
డ్యూయల్ ఫ్యూయల్ మెషీన్, అంటే గ్యాస్ మీదా ద్రవ ఇంధనం మీదా నడుస్తుంది. కేజీ బేసిన్ గ్యాస్ ఫుల్ లోడుకు సరిపోవడం లేదు. లిక్విడ్ ఫ్యూయల్ స్కిడ్ (ద్రవ ఇంధనం పంపే పంపులు, వాల్వుల సెట్టు) ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉంది. నాఫ్తా (పెట్రోల్ లాంటి పల్చని ఇంధనం), హెచ్‌ఎస్‌డీ (హై స్పీడ్ డీజిల్), ఫర్నేస్ ఆయిల్ (చిక్కటి బరువు నూనె) రేట్లు మావాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. కెలోరిఫిక్ వాల్యూలో (కిలోకు వచ్చే వేడిలో) పెద్ద తేడా లేదు కదా, రేటు కాక ఇంకేం చూడాలి?

హాట్‌సెక్షన్:
ముందు ల్యాబ్ రిపోర్టులో లోహాలు చూడండి. గ్యాస్ టర్బైన్ ఇంధనాల ప్రమాణం ఏఎస్‌టీఎం డీ2880 ప్రకారం డిస్టిలేట్‌లో (డీజిల్ లాంటి తేలిక ఇంధనంలో) వెనేడియం 0.5 పీపీఎం (పది లక్షల్లో అర వంతు) దాటకూడదు. సోడియం, పొటాషియం రెండూ కలిపి మరో 0.5. ఫర్నేస్ ఆయిల్‌లో వెనేడియం పదుల పీపీఎంలో ఉండొచ్చు. అది కాలి పెంటాక్సైడ్ అవుతుంది, సుమారు 690 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మొదటి వరస బ్లేడ్లు అంతకంటే వేడిగానే ఉంటాయి కాబట్టి కరిగిన బూడిద అంటుకుని వాటి రక్షణ పొరను తినేస్తుంది. బరువులో వెనేడియానికి మూడింతలు మెగ్నీషియం కలిపితే బూడిద కరగదు గానీ టర్బైన్ నాజిళ్ల (బ్లేడ్ల ముందుండే కదలని రెక్కల) మీద పేరుకుంటుంది. లోడు పడిపోతూ వస్తుంది, చివరికి మెషీన్ ఆపి, చల్లార్చి, నీళ్లతో కడగాల్సిందే. సోడియానికి మెగ్నీషియం మందు కాదు, ఆయిల్‌నే కడగాలి. పైగా ఫర్నేస్ ఆయిల్‌ను వంద డిగ్రీలు దాటించి వేడి చేస్తే గానీ సరిగా తుంపర కాదు. హీటర్లు, ఆయిల్ కడిగే సెంట్రిఫ్యూజ్, మెగ్నీషియం కలిపే డోసింగ్ స్కిడ్ లేకపోతే ఫర్నేస్ ఆయిల్ సంగతి వదిలేయండి.

ఫ్లోడివైడర్:
నాఫ్తాను తోసిపారేయకండి. బూడిద దాదాపు ఉండదు. స్టార్టు మాత్రం గ్యాస్ మీదో హెచ్‌ఎస్‌డీ మీదో చేసి, లోడెక్కాక మార్చాలి. ఆపే ముందు హెచ్‌ఎస్‌డీకి తిరిగొచ్చి లైన్లు ఫ్లష్ చేయాలి. పల్చన కాబట్టి లూబ్రిసిటీ అడిటివ్ (జారుడు పెంచే మందు) లేకుండా నడిపితే ఫ్యూయల్ పంపు, ఫ్లో డివైడర్ (ఇంధనాన్ని అన్ని కంబస్టర్లకూ సమంగా పంచేది) గేర్లు అరిగిపోతాయి.

కోనసీమ_సీసీపీపీ:
మా స్కిడ్ హెచ్‌ఎస్‌డీకి డిజైన్ చేసింది. అడిటివ్ పెడితే నాఫ్తాకు సరిపోతుందా అండీ?

కమిషనింగ్_ఇంజనీర్:
సరిపోదండీ. నాఫ్తా ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పంటుకునే కనీస వేడి) సున్నా డిగ్రీలకు కిందే. ఆవిరి గాలికంటే బరువు, కేబుల్ ట్రెంచిల్లోకి దిగి కూర్చుంటుంది. ఆవిరి లీకు పట్టే డిటెక్టర్లు పైకప్పుకు కాదు, నేలకు దగ్గరగా ఉండాలి. సీల్ లీకైతే వేడి కేసింగ్ తగిలే అంటుకోవచ్చు. మంట ఆరి ట్రిప్ అయితే కాలని ఆవిరి ఎగ్జాస్ట్‌లోకి, అక్కడినుంచి బాయిలర్‌లోకి పోతుంది. గాలితో పూర్తిగా పర్జ్ చేయకుండా (ఊడ్చేయకుండా) మళ్లీ వెలిగిస్తే పేలుడే. ఫాల్స్ స్టార్ట్ డ్రెయిన్లు (వెలగకపోతే మిగిలిన ఇంధనం బయటికి పోయే గొట్టాలు) మూసుకుపోకుండా చూడాలి. ఇవన్నీ మార్చే బడ్జెట్ లేకపోతే హెచ్‌ఎస్‌డీయే.

హెచ్‌ఎస్‌డీ ఖర్చు మాత్రం తక్కువ కాదు. ఫుల్ లోడులో గంటకు దాదాపు 10 టన్నులు, అంటే 12 కిలోలీటర్లు. 20 కిలోలీటర్ల ట్యాంకర్ రెండు గంటలు కూడా రాదు. గ్యాస్ ఎంతో కొంత ఉంది కాబట్టి, మీది స్టాండర్డ్ కంబస్టర్ అయి కంట్రోల్ సిస్టమ్ ఒప్పుకుంటే మిక్స్‌డ్ మోడ్‌లో (గ్యాస్, డీజిల్ రెండూ ఒకేసారి కాల్చి) లోటు మాత్రమే హెచ్‌ఎస్‌డీతో పూడ్చుకోండి.

ఓడలో వచ్చే సరుకైతే ఉప్పు నీటి మీద కన్నేయండి. వెయ్యి కిలోలీటర్ల ట్యాంకులో వంద లీటర్ల సముద్రపు నీరు కలిసిపోతే చాలు, సోడియం 1 పీపీఎం దాటుతుంది. నింపాక 24 గంటలు కదపకుండా ఉంచి అడుగు నీళ్లు తీయండి. సక్షన్ పైపు తేలేదైతే మంచిది. శాంపిల్ ట్యాంకు అడుగునా, టర్బైన్ ఇన్‌లెట్‌లోనూ తీయాలి. నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల కాలుష్యం) తగ్గించడం కోసం నీళ్లు ఇంజెక్ట్ చేస్తే అందులోని సోడియం కూడా లెక్కే, డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీరు) తప్ప వాడొద్దు.

ఫ్లోడివైడర్:
స్కిడ్ మాటకొస్తే, కంబస్టర్ల పక్క లైన్లలో నిలిచిన డీజిల్ వేడికి మాడి గట్టి కార్బన్ అయి ఉంటుంది. కంబస్టర్‌కు ఒకటి చొప్పున పది చెక్ వాల్వులూ విప్పి బెంచ్ మీద ఓపెనింగ్ ప్రెషర్ చూడండి. ఒక్కటి ఇరుక్కున్నా ఆ క్యాన్‌కు (కంబస్టర్‌కు) ఫ్యూయల్ తగ్గి, ఎగ్జాస్ట్ టెంపరేచర్ స్ప్రెడ్ (ఎగ్జాస్ట్‌లో చోటుచోటుకూ వేడి తేడా) పెరిగి గ్యాస్ నుంచి డీజిల్‌కు చేంజోవర్‌లోనే ట్రిప్ కొడుతుంది. ఫ్లో డివైడర్ షాఫ్ట్ చేత్తో తిరుగుతోందో లేదో చూసుకోండి. తర్వాత నెలకోసారైనా పార్ట్ లోడులో లిక్విడ్ మీద నడపండి, గ్యాస్‌కు మారగానే ఫ్యూయల్ నాజిల్‌లోని డీజిల్‌ను ఊడ్చే పర్జ్ ఎయిర్ వస్తోందో లేదో గమనించండి.