కార్తీకంలో క్యాంపర్‌వ్యాన్ ప్రయాణం: తిరుపతి, తలకోన, హార్స్‌లీ హిల్స్ వైపు బట్టలు ఉతికి ఆరేసుకోవడం ఎలా?

రేణిగుంట_బండి అడిగారు:

అందరికీ నమస్కారం. ట్రావెలర్ బండిని లోపలే వండుకుని పడుకునే క్యాంపర్‌వ్యాన్‌గా చేయించుకున్నాం. మంచినీళ్ల ట్యాంకు 90 లీటర్లు, వాడిన నీళ్ల ట్యాంకు 60 లీటర్లు. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీ, 1000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్, 300 వాట్ల సోలార్, 12 వోల్టుల రూఫ్ ఫ్యాను ఉన్నాయి. కార్తీకమాసంలో తిరుపతి, తలకోన, కాణిపాకం, హార్స్‌లీ హిల్స్ రెండు వారాలు తిరగాలని ఉంది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. చిన్నోడికి తలనీలాలు కూడా తీయించాలి.

బట్టలు బండిలోనే ఉతుక్కోవాలా, లాండ్రీకి వేసేయాలా? బుల్లి వాషింగ్ మెషీన్ కొంటే పనికొస్తుందా? వానల్లో లోపల ఆరేస్తే ముక్కిన వాసన రాకుండా ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు లెక్కలతో చెబితే బాగుంటుంది.

---

చంద్రగిరి_వ్యాన్ జవాబు:

మీ మూడు ప్రశ్నల్లో అసలు చిక్కు మూడోదేనండీ. ఆరబెట్టే లెక్క తేలితే మిగతా రెండూ వాటంతటవే తేలిపోతాయి.

చేత్తో పిండిన కాటన్ బట్ట ఇంచుమించు తన బరువంత నీటిని పట్టుకునే ఉంటుంది. నలుగురికి రోజువారీ తేలికపాటి బట్టలు రెండు కిలోలు అనుకోండి. ఎంత గట్టిగా పిండినా రెండు లీటర్ల నీళ్లు బండిలో వేలాడుతుంటాయన్నమాట. ట్రావెలర్ లోపలి చోటు సుమారు 12 ఘనపు మీటర్లు. 28 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి 27 గ్రాములకు మించి తేమ పట్టదు. ముసురు పట్టిన రోజు అందులో 80 శాతం ముందే నిండి ఉంటుంది. బండి మొత్తానికి మిగిలేది 65 గ్రాముల చోటు. రెండు లీటర్లు బయటికి పోవాలంటే లోపలి గాలంతా ముప్పైసార్లకు పైనే మారాలి. అద్దాలు మూసి ఆరేస్తే ఆ తేమ ఎక్కడికీ పోదు. రాత్రి చల్లబడ్డ రేకు మీద, ప్లైవుడ్ వెనకాల చెమ్మగా దిగుతుంది. బట్టల వాసన సంగతి అటుంచండి, అక్కడ బూజు, తుప్పు మొదలైతే లైనింగ్ విప్పాల్సి వస్తుంది.

కాబట్టి డబ్బు పెడితే ఉతికే మెషీన్ మీద కాకుండా, నీళ్లు తీసే స్పిన్ డ్రైయర్ మీద పెట్టండి. ఐదు నిమిషాలు తిప్పితే ఆ రెండు లీటర్లు ఒక లీటరుకు దిగుతాయి. 150 వాట్ల మోటారు ఐదు నిమిషాలు తిరిగితే 12, 13 వాట్ అవర్లు. మీ బ్యాటరీలో (100 ఏహెచ్ × 12.8 వోల్టులు) 1280 ఉన్నాయి, లెక్కలోకే రాదు. అయితే మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే మూడు నుంచి ఐదు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ సమయంలో ఇన్వర్టర్‌తో కెటిల్, ఇండక్షన్ స్టవ్ నడపకండి. బండి చదునుగా నిలిపాకే తిప్పండి, బట్టలు చుట్టూ సమంగా సర్దండి. ఒక పక్క జీన్సు, ఇంకో పక్క బనీను వేస్తే డ్రమ్ము ఊగి గోడకు కొట్టుకుంటుంది.

డ్రైయర్ కొనకపోతే తువ్వాలు పద్ధతి ఉంది. పొడి తువ్వాలు పరిచి, పిండిన బట్ట దాని మీద వేసి, చాపలా చుట్టి, రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టాలి. చొక్కాలకు, పిల్లల బట్టలకు చక్కగా పనిచేస్తుంది. జీన్సుకు పనిచేయదు.

లోపల ఆరేసేటప్పుడు రూఫ్ ఫ్యాను గాలిని బయటికి తోసేలా పెట్టి, దానికి దూరంగా ఉన్న కిటికీ ఒక్కటి రెండంగుళాలు తెరవండి. అన్ని కిటికీలూ తెరిస్తే గాలి దగ్గరి దారి వెతుక్కుని పోతుంది, బట్టల మధ్యకు రాదు. దండెం ఆ కిటికీకీ ఫ్యానుకూ నడుమ ఉండాలి. బట్టకీ బట్టకీ జానెడు ఎడం ఉంచండి. ఫ్యాను తక్కువ వేగంలో 18 వాట్లు లాగితే రాత్రంతా ఎనిమిది గంటలకు 144 వాట్ అవర్లు. మబ్బు రోజున సోలార్ నాలుగో వంతే ఇచ్చినా దీనికి సరిపోతుంది.

ఇక లాండ్రీ సంగతి. జీన్సు ఒక్కోటి 600, 700 గ్రాములు, టర్కీ తువ్వాలు 400 పైన, దుప్పటి ఇంకా జాస్తి. ఇవి బండిలో ఉతకొద్దు. తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో ఆగినప్పుడు లాండ్రీకి వేసేయండి. వేసే ముందు లెక్కపెట్టి, వాళ్ల ఎదుటే తూకం వేయించి, గంజి వద్దని చెప్పండి. తీసుకునేటప్పుడు దుప్పటి మడతల మధ్య చెయ్యి పెట్టి చూడాలి. వానాకాలంలో మడతల లోపల తడి ఉండగానే ఇస్త్రీ చేసి ఇచ్చేస్తుంటారు. దాన్ని అలాగే పెట్టెలో పెడితే మరుసటి రోజుకి పక్కనున్న బట్టలకూ వాసన అంటుకుంటుంది. లోబట్టలు, చొక్కాలు, పిల్లలవి, పంచెలు మాత్రం బండిలోనే రోజుకు రోజు ఉతికేసుకోవచ్చు.

---

పలమనేరు_ఘాట్ జవాబు:

పైన చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఉతకడానికి మాత్రం మూత బిగించే డ్రమ్ము కంటే మంచిది లేదు. బండి నడుస్తుంటే అదే ఉతుకుతుంది.

వెడల్పు మూతి, మూతకు రబ్బరు వాషరు ఉన్న 20 లీటర్ల డ్రమ్ము తీసుకోండి. రసాయనాలు పోసిన పాత డ్రమ్ములు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. అందులో కిలోన్నర బట్టలు, ఏడు లీటర్ల నీళ్లు, ఒక పెద్ద చెంచా సర్ఫు, అంటే 10, 12 గ్రాములు. మూడో వంతు ఖాళీ వదలాలి. నిండా కుక్కితే బట్టలు కదలవు, నానబెట్టిన దానికీ దీనికీ తేడా ఉండదు. సర్ఫు ఎక్కువేస్తే నురగ మెత్తలా అడ్డుపడి బట్ట బట్టకు రాసుకోదు, పైగా జాడించడానికి ఇంకో ఐదు లీటర్లు కావాలి. మామూలు రోడ్డు మీద ముప్పావుగంట చాలు. తిరుపతి నుంచి తలకోన వెళ్లేటప్పుడు భాకరాపేట ఘాటు వస్తుంది, ఆ మలుపుల్లో ఇంకా తొందరగా వదులుతుంది.

కట్టడం మరిచిపోకండి. నిండిన డ్రమ్ము ఎనిమిదిన్నర కిలోల పైనే ఉంటుంది. వెనక ఇరుసు దగ్గర, నేల మీద, బిగింపు బెల్టుతో కట్టాలి. ఊరికే వదిలితే గట్టి బ్రేకు వేసినప్పుడు మనిషి మీదికి దూకుతుంది.

జాడింపులో నీళ్లు ఆదా చేసే లెక్క చెబుతాను. పిండిన కిలో బట్టలో లీటరు సబ్బునీళ్లు ఉన్నాయనుకుందాం. ఒకేసారి ఎనిమిది లీటర్లు పోసి జాడిస్తే సబ్బు తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. అవే ఎనిమిది లీటర్లను నాలుగు నాలుగుగా రెండుసార్లు పోసి, నడుమ గట్టిగా పిండితే ఇరవై అయిదో వంతుకు తగ్గుతుంది. నీళ్లు అంతే, ఫలితం దాదాపు మూడింతలు. నడుమ పిండకపోతే ఈ లెక్క చెల్లదు. రెండో జాడింపు నీళ్లను పారబోయకుండా మూత పెట్టి ఉంచితే మరునాటి ఉతుకుకి వాడుకోవచ్చు. ఇలా చేస్తే రెండు కిలోలకు రోజుకు 16 నుంచి 18 లీటర్లతో సరిపోతుంది. మీ 60 లీటర్ల మురికినీళ్ల ట్యాంకు స్నానాలతో కలిపి నిండుతుంది కాబట్టి నాలుగు రోజుల బట్టలు ఒక్కసారి వేసుకోకండి.

ముఖ్యంగా ఒక జాగ్రత్త. ఆక్సిజన్ బ్లీచ్ పొడిని (మరకలు వదిలించే, క్లోరిన్ లేని పొడి) మూత బిగించిన డ్రమ్ములో ఎప్పుడూ వేయొద్దు. నీళ్లలో అది ఆక్సిజన్ వదులుతుంది, లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగిరిపోతుంది. వంటసోడా, నిమ్మ ఉప్పు కలిపినా అంతే. వేడినీళ్లు పోసినప్పుడు, డ్రమ్ము ఎండలో ఉన్నప్పుడు మూతను మొహానికి దూరంగా, కొద్దికొద్దిగా వదులు చేయండి.

---

తిరుచానూరు_వాసి జవాబు:

చెల్లెమ్మా, మరకల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

తలనీలాలు తీశాక పిల్లాడికి గుండు మీద గంధం రాస్తారు. రెండు మూడు రోజులు దిండుకీ సీటుకీ అంటుతూనే ఉంటుంది. దిండు మీద పాత పలచటి తువ్వాలు కప్పండి. టర్కీది వద్దు, దాని పోగుల్లోకి దిగితే వదలదు. గంధం ఎండాక ముందు పొడిగానే దులిపి, తర్వాత చన్నీళ్లలో జాడించి, ఆ తర్వాతే సబ్బు పెట్టాలి.

పంచెకు పసుపు అంటితే సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. సబ్బులోని క్షారానికి పసుపు రంగు అలా మారుతుంది, బట్ట పాడైనట్టు కాదు. బ్రష్షు పెట్టి రుద్దకండి, పోగు చిరుగుతుంది. బాగా జాడించి, తడిమీదే ఎండలో వేయండి. పసుపు రంగు ఎండకు నిలవదు. మబ్బుగా ఉంటే ఎండ వచ్చేదాకా ఆ పంచె పక్కన పెట్టడమే మంచిది. లడ్డూ నెయ్యి అంటితే నీళ్లు తగలకముందే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, వేలితో అద్ది, పది నిమిషాలు ఆగి ఉతకండి.

దర్శనానికి సంప్రదాయ దుస్తులు కావాలి కాబట్టి మనిషికి రెండు జతలు ఉంచుకుంటే ఒకటి ఆరేలోపు ఇంకోటి ఉంటుంది. పలచటి నూలు పంచె ఫ్యాను గాలికే బిరీన ఆరుతుంది. జరీ అంచు పంచెలు, పట్టుచీరలు బండిలో తడపొద్దు.

---

కళ్యాణి_డ్యామ్_రోడ్ జవాబు:

నీళ్ల గురించి. ఇక్కడ చాలాచోట్ల మీ ట్యాంకులోకి వచ్చేది బోరు నీళ్లే. కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతోందంటే అవి గట్టి నీళ్లు, అంటే కాల్షియం ఎక్కువున్న కఠిన జలం. అందులో సబ్బు బిళ్ల వాడితే కాల్షియంతో కలిసి జిడ్డు తెట్టులా మారి బట్టకే పడుతుంది. తెల్ల బట్టలు బూడిద రంగుకు తిరగడానికి కారణం అదే. సర్ఫు పొడిగానీ లిక్విడ్‌గానీ వాడండి. పది లీటర్ల నీళ్లలో ముందు ఒక చిన్న చెంచా చాకలిసోడా కలిపి, ఐదు నిమిషాలు ఆగి, ఆ తర్వాత సర్ఫు వేయండి. పట్టుకు, ఉన్నికి చాకలిసోడా తగలకూడదు. చివరి జాడింపులో ఐదు లీటర్లకు అర చెంచా నిమ్మ ఉప్పు వేస్తే తువ్వాళ్లు అట్టలా బిగుసుకోవు. నిమ్మ ఉప్పును బ్లీచింగ్ నీళ్లతో మాత్రం కలపవద్దు, క్లోరిన్ గాలి వస్తుంది. బండి లాంటి ఇరుకు చోట అది ప్రమాదం.

వాసన పట్టేసిన కాటన్ బట్టలకు సెంటు లిక్విడ్ పనిచేయదు. ఆ వాసన బట్టలో బతికి ఉన్న బ్యాక్టీరియాది. మరిగిన నీళ్లు సగం, చన్నీళ్లు సగం కలిపితే 60 డిగ్రీలు దాటుతుంది. మూత లేని బకెట్లో ఆ నీళ్లు పోసి, ఆక్సిజన్ బ్లీచ్ ఒక పెద్ద చెంచా వేసి, అరగంట నానబెట్టి ఉతకండి.

మురికినీళ్లు ఎక్కడ వదులుతారన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. తిరుపతికి తాగునీళ్లు ఇచ్చేది కళ్యాణి డ్యామ్, తిరుమలకు ఇచ్చేవాటిలో పాపవినాశనం డ్యామ్ ఒకటి. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోని అడవి. ఈ మూడింటి దరిదాపుల్లో సబ్బు చుక్క కూడా పడకూడదు. స్వర్ణముఖి నది ఎండి కనిపిస్తే అందులో పోసినా ఏమీ కాదనుకుంటారు. ఇసుకలోంచి దిగేది పక్కనున్న బోర్లలోకే. ట్యాంకును పెట్రోలు బంకులోనో, లాడ్జిలోనో అడిగి, మరుగుదొడ్డి కాలువలో ఖాళీ చేయండి. వాననీటి కాలువలో వద్దు. తప్పనిసరై నేల మీద పోయాల్సి వస్తే వాగుకీ బావికీ కనీసం 60 మీటర్ల దూరంలో, ఒకే చోట కాకుండా వెడల్పుగా చల్లండి. పైపు చివర పాత నైలాన్ సాక్సు కడితే బట్టల నూగు ట్యాంకులోకి పోకుండా ఆగుతుంది. అది పేరుకుంటే పంపు జల్లెడ మూసుకుపోతుంది, ట్యాంకు కంపు కొడుతుంది.

---

రేణిగుంట_బండి:

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకొక్కటి. మడత పెట్టే రకం బుల్లి మెషీన్లలో ఆరబెట్టే బుట్ట కూడా ఇస్తున్నారు కదా, స్పిన్ డ్రైయర్ బదులు అది చాలదా? బయట దండెం ఎక్కడ కట్టాలి?

---

చంద్రగిరి_వ్యాన్ జవాబు:

చాలదండీ. ఆ బుట్టలో రెండు మూడు చిన్న బట్టలకు మించి పట్టవు, తిరిగే వేగమూ తక్కువే. చేత్తో పిండిన దానికంటే పెద్దగా తేడా రాదు. మడతల దగ్గర సిలికాను నలిగి కొన్నాళ్లకు కారడం మొదలవుతుంది. స్పిన్ డ్రైయర్లో బయటికొచ్చే నీళ్లను గిన్నెలో పట్టుకుంటే తర్వాతి ఉతుకుకి కలుపుకోవచ్చు కూడా.

దండేనికి రెండు పేటలు మెలేసిన సాగే తాడు కొనండి. పేటల మధ్యలోకి బట్ట అంచు దూరిస్తే చాలు, గాలికి ఊడదు, క్లిప్పులతో పని లేదు. ఒక కొస పైకప్పు క్యారియర్‌కి, ఇంకో కొస చెట్టుకి కట్టండి. బండి పక్కన నీడకి విప్పే గుడ్డ (ఆనింగ్) చేతులకి కట్టకండి. తడిబట్టల బరువుకి గాలి తోడైతే ఆ అల్యూమినియం వంగిపోతుంది. తలకోనలోనూ కొండ మీదా కోతులుంటాయి, మనిషి లేకుండా బయట ఆరేసి వెళ్లొద్దు.

హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు. కార్తీకంలో పొద్దున పది దాకా మంచు దిగుతూనే ఉంటుంది. మదనపల్లెలోనే ఉతికి, ఆరబెట్టి, పొడిబట్టలతో ఎక్కండి. పైన ఉన్నన్నాళ్లూ లోబట్టలు తప్ప ఏమీ తడపకండి. మాసినవాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టేయకుండా గాలి ఆడే వల సంచిలో వేసి, కిందికి దిగాక ఉతకండి.